రెండో గేరులో మారేడుమిల్లి

డెల్టాలో బండి నడపడమంటే గట్టు మీద నడపడమే. ధవళేశ్వరంలో బయల్దేరి అంతర్వేది దాకా వెళ్లినా ఒకపక్క కాలువ, ఇంకోపక్క వరిచేను, మధ్య మధ్య కొబ్బరినీడ. ఒకసారి టాప్ గేరులో పడ్డ బండికి మళ్లీ గేరు మార్చే పని ఊరి సెంటర్లలో తప్ప రాదు. 1852లో కాటన్ ఆనకట్ట పూర్తయ్యాక ఈ నేలంతా నీటి వాలును బట్టే పెరిగింది. నీరు ఎటు పారితే రోడ్డూ అటే సాగింది. అందుకే గోదావరి జిల్లాల వాళ్లకు కొండంటే అంత మోజు. శీతాకాలం ఆదివారాల్లో తెల్లారకుండానే రాజమండ్రి నుంచి ఉత్తరానికి బయల్దేరే బళ్ల వరుస చూస్తే ఆ మోజు ఎంతటిదో తెలుస్తుంది.

వాళ్లు వెళ్లేది మారేడుమిల్లికి. రాజమండ్రి నుంచి సుమారు 85 కిలోమీటర్లు. మధురపూడి విమానాశ్రయం, కోరుకొండ, గోకవరం, రంపచోడవరం మీదుగా దారి. మారేడుమిల్లి నుంచి చింతూరు వైపు దిగే ఘాట్ రోడ్డు ఉంది. ఒక్కరోజులో వెళ్లి రాగలిగిన దూరంలో కొండలు, జలాశయం, జలపాతాలు, వెదురు అడవి అన్నీ చూపించే దారి గోదావరి జిల్లాలకు ఇంత దగ్గరలో మరొకటి లేదు.

కోరుకొండ దాకా ఇంకా డెల్టా గాలే. దూరం నుంచే లక్ష్మీనరసింహస్వామి గుడి ఉన్న కొండ ఒంటరిగా లేచి కనబడుతుంది. దాన్ని దాటాక మట్టి రంగు మారుతుంది. నల్లటి రేగడి పోయి ఎర్రనేల వస్తుంది. కొబ్బరి పలచబడి జీడిమామిడి తోటలు కనబడతాయి. గోకవరం మైదానానికి ఆఖరి ఊరు, మన్యానికి మొదటి గుమ్మం. టీకొట్టు దగ్గర ఆగితే "ఎందాకా అండీ?" అని పలకరిస్తారు. చింతూరు ఘాటీ అని చెబితే, "అయితే ట్యాంకు ఇక్కడే నింపించేసుకోండి. వెనకాల కూర్చున్నమ్మాయికీ హెల్మెట్ పెట్టించండి, ఆయ్!" అంటారు. రెండూ వినాల్సిన మాటలే. ఈ చుట్టుపక్కలే పోలవరం ముంపు గ్రామాల వాళ్లకు కట్టిన పునరావాస కాలనీలు ఉన్నాయి. దేవీపట్నం మండలంలో గోదారి ఒడ్డున తరతరాలుగా బతికినవాళ్లు ఇప్పుడు ఒకే తీరున కట్టిన ఆ ఇళ్ల వరుసల్లో ఉంటున్నారు. విహారానికి వెళ్లేవాళ్లు ఆ కాలనీలను చూస్తూ దాటిపోతారు. అక్కడ ఎవరు ఉంటున్నారో తెలుసుకుని దాటాలని నా కోరిక.

రంపచోడవరం చేరేసరికి కొండలు రోడ్డు పక్కకు వచ్చేస్తాయి. ఇక్కడ కాసేపు బండి స్టాండు వేసి, ఈ ఊరి పేరు చరిత్రలో ఎందుకు నిలిచిందో గుర్తు చేసుకోవాలి. 1879లో రంప పితూరీ మొదలైంది ఈ కొండల్లోనే. జీలుగు చెట్టెక్కి కల్లు దించుకునే మన్యం మనిషి మీద చిగురు పన్ను వేశారు, కల్లు ఆదాయాన్ని కాంట్రాక్టర్లకు గుత్తకిచ్చారు. మన్యం మీద పెత్తనం చేసే మున్సబుదారు వసూళ్లు దానికి తోడయ్యాయి. తమ్మన్నదొర లాంటి నాయకుల వెనక కొండ కొండంతా కదిలింది. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం వచ్చాక పోడు కొట్టుకోవడం, వంటచెరుకు తెచ్చుకోవడం కూడా నేరాలయ్యాయి. ఆ తర్వాత నలభై ఏళ్లకు అల్లూరి సీతారామరాజు వెంట మన్యం మళ్లీ లేచినప్పుడు, కారణాల్లో ఒకటి రోడ్డు. గూడెం ప్రాంతంలో కొండల్లో రోడ్డు వేయడానికి డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనులను పట్టుకొచ్చి, చాలీచాలని కూలితో రాళ్లు కొట్టించాడు. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద వరసగా దాడులు జరిగాయి. అక్టోబరులో అడ్డతీగల, రంపచోడవరం వంతు వచ్చింది. మనం ఇవాళ సరదాగా తిప్పే ఈ మన్యం మలుపుల వెనక కూలి ఎగ్గొట్టిన కథ ఉంది. బండి ఎక్కేవాడికి ఇది చెప్పకపోతే సగం దారే చూపించినట్టు.

ఊరు దాటగానే భూపతిపాలెం జలాశయం. సీతపల్లి వాగుకు అడ్డంగా కట్టిన మట్టికట్ట, వెనక మూడుపక్కలా కొండలు, మధ్యలో నిలిచిన నీరు. పొద్దున ఏడున్నరకు వస్తే ఆ నీటి మీద పొగమంచు ఇంకా వీడదు. ఈ వాగు నీళ్లు కూడా చివరికి గోదావరికే చేరతాయి. మన్యంలో కురిసిన వాన ఇలా వాగులై, ఏరై, ధవళేశ్వరం దగ్గర తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టా కాలువల్లోకి మళ్లుతుంది. కోనసీమ చేనుకు పెట్టే తడిలో ఈ కొండ వాటా ఉంది. ఆ మాట పుస్తకంలో చదివిన దానికంటే, పొద్దున ధవళేశ్వరంలో బయల్దేరి రెండు గంటల్లో ఇక్కడ నిలబడితే బాగా అర్థమవుతుంది.

మారేడుమిల్లి చిన్న ఊరు. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు తూర్పు గోదావరి నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లింది. రాజమండ్రి వాళ్లు మాత్రం ఇప్పటికీ "మన మారేడుమిల్లి" అనే అంటారు. 'పుష్ప' సినిమా ఈ అడవుల్లో తీశాక రద్దీ బాగా పెరిగింది. ఊరి పొడవునా బొంగులో చికెన్ కొట్లే.

బొంగు వంట దగ్గరుండి చూడాల్సిందే. పచ్చి వెదురును ఒక కణుపు అడుగున ఉండేలా, పైన నోరు తెరిచి ఉండేలా మూరెడు ముక్క కోస్తారు. అల్లం వెల్లుల్లి, కారం, పసుపు, ఉప్పు పట్టించిన కోడిమాంసం అందులో కూరతారు. నూనె చుక్క వేయరు. నోటికి ఆకులు ముద్దచేసి బిగిస్తారు. నిప్పుల మీద ఏటవాలుగా పెట్టి, చేత్తోనే అటూ ఇటూ తిప్పుతూ ఉంటారు. వెదురు పైపొర నల్లబడుతుంది, కొసన నీరు సుయ్యిమని బుస కొడుతుంది. ఆ పచ్చి వెదురులో ఉన్న నీటి ఆవిరితోనే లోపల ముక్క ఉడుకుతుంది. అరగంట పైనే పడుతుంది. ఆకు ముద్ద తీసి, బొంగును అడ్డాకు విస్తరి మీద బోర్లిస్తే పొగ వాసనతో ముక్కలు జారతాయి. తొందరపెట్టి సగం కాల్చినది తినకండి. వంటచేసే ఆవిడ "ఇంకొంచెం ఆగు బాబూ" అంటే ఆగండి.

ఊరు దాటితే ఘాట్. ఇక్కడే బండి నడిపేవాడి పనితనం తెలిసేది. మలుపు రాకముందే గేరు తగ్గించాలి, మలుపులో బ్రేకు కొట్టకూడదు. చాలావరకు రెండో గేరే. దిగేటప్పుడు ఇంజను బిగువుతో దిగాలి. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో జారవిడిచేవాళ్లకు కిందకొచ్చేసరికి బ్రేకులు వేడెక్కి పట్టవు. భద్రాచలం బస్సు మలుపు తిరగాలంటే రోడ్డు మొత్తం కావాలి, కాబట్టి హారన్ వినబడగానే ఎడమకు ఒదిగి ఆగిపోవాలి. వెదురు పొదల కింద ఎండ సోకని చోట రోడ్డు మధ్యాహ్నానికీ తడిగానే ఉంటుంది. రాలిన వెదురాకు దాని మీద పరుచుకుని ఉంటుంది. టైరు జారేది అక్కడే. 2019 అక్టోబరులో యాత్రికుల టెంపో ఒకటి ఈ ఘాట్‌లోనే లోయలో పడి ప్రాణాలు పోయాయి.

జలతరంగిణి రోడ్డు పక్కనే. అమృతధారకు కొంత నడిచి దిగాలి. నడక కష్టం అనిపించినా నేను అమృతధారకే ఓటేస్తాను, జనం పలచన, నీటి చప్పుడు తప్ప వేరే చప్పుడు ఉండదు. అయితే ఒక హెచ్చరిక. పైన కొండల్లో వాన పడితే ఇక్కడ ఎండ కాస్తుండగానే వాగు పొంగుతుంది. 2024 సెప్టెంబరులో విహారానికి వచ్చిన ముగ్గురు వైద్య విద్యార్థులు జలతరంగిణి దగ్గర ఇలాగే కొట్టుకుపోయి చనిపోయారు. నీటి రంగు ఎర్రబడినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా ఆ క్షణమే ఒడ్డెక్కాలి. పాములేరు వాగులో అయితే ఈతకు దిగకపోవడమే మంచిది.

ఇంత చెప్పాక నన్ను బాధపెట్టే విషయం కూడా చెప్పాలి. సైలెన్సర్ మార్చిన బళ్లు. అవి ఘాట్ ఎక్కుతుంటే ఆ మోత కొండకు తగిలి రెండింతలై ఊళ్ల మీద పడుతుంది. రోడ్డు కిందా పైనా కొండరెడ్ల గూడేలున్నాయి. అక్కడ పసిపిల్లలు నిద్రపోతుంటారు, ముసలివాళ్లు ఉంటారు, అడవిలో పక్షులు, జంతువులు ఉంటాయి. ఈ ఇబ్బంది మన ఒక్కరిదే కూడా కాదు. జర్మనీలో నల్ల అడవి కొండల్లో, బాడెన్ బాడెన్ నుంచి ముమ్మెల్‌సీ సరస్సు మీదుగా సాగే బి 500 రోడ్డు మోటార్‌సైకిల్ ప్రియులకు పెద్ద ఆకర్షణ. అదే కొండల్లో ఫ్రైబుర్గ్ పక్కనున్న షౌయిన్స్‌లాండ్ రోడ్డు మీద మాత్రం వేసవి కాలమంతా శని, ఆదివారాల్లో, సెలవు రోజుల్లో మోటార్‌సైకిళ్లకు ప్రవేశం లేదు. ప్రమాదాలు, రొద భరించలేకే ఆ నిషేధం వచ్చింది. మోత తగ్గకపోతే మన ఘాట్‌కూ ఆ రోజు వస్తుంది, అప్పుడు నెమ్మదిగా వెళ్లేవాళ్లకు కూడా దారి మూసుకుపోతుంది. ప్లాస్టిక్ సంగతి సరేసరి. బిర్యానీ పొట్లాలు, సీసాలు జలపాతం రాళ్ల మధ్య ఇరుక్కుని ఉంటాయి. వాటిని ఏరేది వనసంరక్షణ సమితిలో పనిచేసే గిరిజనులే. మనం తిని పారేసిన ప్లేటు వాళ్లెందుకు ఎత్తాలి?

కోతులకు బిస్కట్లు వేయడమూ మానుకోవాలి. వాటికోసం అవి రోడ్డు మధ్యకు వచ్చి బళ్ల కింద పడుతున్నాయి.

అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. తెల్లవారి అయిదింటికి బయల్దేరితే తొమ్మిదిలోపు మారేడుమిల్లిలో టిఫిన్ చేయొచ్చు. చాలాచోట్ల ఫోను సిగ్నలు అందదు, ఇంట్లో ముందే చెప్పి వెళ్లండి. మధ్యాహ్నం మూడుకల్లా తిరుగుముఖం పట్టండి, చీకటి పడేలోగా ఘాట్ వదిలేయాలి. వచ్చేటప్పుడు సంతలోనో, గిరిజన సహకార సంస్థ దుకాణంలోనో చింతపండు, తేనె, కొండచీపురు కొనండి, సంతలో బేరమాడకండి. తెచ్చుకున్న ప్లాస్టిక్ అంతా తిరిగి రాజమండ్రికి మోసుకురండి. సైలెన్సర్ కంపెనీ ఇచ్చినదే బిగించుకుని వెళ్లండి. మార్చిన సైలెన్సర్‌తోనే వస్తానంటే దయచేసి ఆ కొండకు రావద్దు.