నాణేల లెక్క: వాక్యం నుండి సమీకరణానికి

పావులూరి మల్లన మహావీరాచార్యుని ‘గణితసారసంగ్రహా’న్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. నాటి నుండి తెలుగులో లెక్క సాహిత్య విషయం కూడా. అయితే పదసమస్యలో కష్టం తరచు గణితంలో కాక వాక్యార్థంలో ఉంటుంది.

1565 తళ్ళికోట యుద్ధానంతరం విజయనగర రాజధాని అయిన పెనుకొండ నేపథ్యంగా ఒక లెక్కను ఊహించవచ్చు. నాటి నాణేల్లో ప్రతాపం విలువ వరహాలో సగం. వర్తకుని సంచిలో వరహాలు, ప్రతాపాలు కలిపి మొత్తం 20 నాణేలు. వాటి మొత్తం 14 వరహాలు. ఏవి ఎన్ని?

ఇక్కడ మొదటి ‘మొత్తం’ సంఖ్యను, రెండవది విలువను తెలుపుతుంది. ఈ భేదమే రెండు సమీకరణాలకు మూలం. వరహాలు ‘వ’, ప్రతాపాలు ‘ప’ అనుకుంటే:

వ + ప = 20
వ + ప/2 = 14

మొదటిదాని నుండి రెండవదాన్ని తీసివేస్తే ప/2 = 6. కనుక ప్రతాపాలు 12, వరహాలు 8. సరిచూస్తే 8 + 6 = 14.

విలువ 14¼ వరహాలైతే ప్రతాపాలు 11½ వస్తాయి. సమీకరణం దీన్ని అంగీకరిస్తుంది. ‘నాణెం’ అనే మాట అంగీకరించదు. పూర్ణసంఖ్య కావాలన్న నియమం ఆ మాటలోనే ఉంది. కనుక హిందూపురం, ధర్మవరం తరగతుల్లోనైనా సమీకరణానికి ముందు వాక్యాన్ని విడమరచి చదివించడం అవసరం.