గుమ్మడికాయ దీపం: హాలోవీన్‌కు గది అలంకరణ



మా వీధిలో ఒక అవ్వ ఉన్నారు. ఆమె కొడుకు, కోడలు అమెరికాలో ఉంటారు. పోయిన అక్టోబరు నెలలో ఒకనాడు మనవరాలు వీడియోలో మాట్లాడుతూ, "అవ్వా, మా గది చూడు" అని ఫోను నాలుగు వైపులా తిప్పి చూపింది. గోడ మీద నల్లని గబ్బిలాలు, మూలన పెద్ద సాలెగూడు, తలుపుకు వేలాడే అట్ట అస్థిపంజరం, కిటికీలో పళ్ళు ఇకిలిస్తున్న గుమ్మడికాయ. అవ్వ గుండె ఝల్లుమంది. "పడుకునే గదిలో ఈ అపశకునాలేమిటే తల్లీ, అన్నీ తీసి పారెయ్" అన్నారు. పిల్ల ముఖం చిన్నబుచ్చుకుని ఫోను పెట్టేసింది. మర్నాడు అవ్వ మా ఇంటికి వచ్చి, "అదేం పండుగ నాయనా? నేను తొందరపడి మాట్లాడానా?" అని అడిగారు.

అవ్వ అడిగిన ప్రశ్న ఇవాళ చాలా ఇళ్ళలో వినిపిస్తోంది. పిల్లలు విదేశాల్లో ఉన్నవారే కాదు, బెంగుళూరు వంటి నగరాల్లో అపార్ట్‌మెంట్లలో ఉంటున్న మనవాళ్ళ పిల్లలు కూడా ఇప్పుడు ఈ వేడుక చేసుకుంటున్నారు. కనుక ఈ పండుగ ఏమిటో, ఆ గదిలో పెట్టే ఒక్కొక్క వస్తువుకు అర్థం ఏమిటో, ప్రమాదం లేకుండా గదిని ఎలా అలంకరించుకోవచ్చో ఈ ప్రసంగంలో తెలుసుకుందాం.

హాలోవీన్ ప్రతి ఏటా అక్టోబరు 31వ తేదీ రాత్రి జరుగుతుంది. పాత ఇంగ్లీషులో 'హాలో' అంటే పునీతుడు. నవంబరు 1వ తేదీ క్రైస్తవులకు సకల పునీతుల పండుగ. దాని ముందు రాత్రి కనుక ఆ మాట వాడుకలో నలిగి హాలోవీన్ అయింది. మరునాడు, అంటే నవంబరు 2న, చనిపోయినవారి ఆత్మల కోసం ప్రార్థన చేసే రోజు. మన తెలుగు క్రైస్తవులు ఆనాడు సమాధులను శుభ్రం చేసి, పూలు ఉంచి, కొవ్వొత్తులు వెలిగించడం మీరు చూసే ఉంటారు. సమాధుల పండుగ అంటే అదే.

అయితే ఈ రాత్రికి అంతకన్నా పాత చరిత్ర ఉంది. ఐర్లండ్, స్కాట్లండ్ దేశాల్లో కెల్టిక్ జాతి ప్రజలు అదే సమయంలో 'సావిన్' అనే పండుగ జరుపుకునేవారు. అది సాగుకు సంబంధించిన పండుగ. పంటలు ఇంటికి చేరాయి, మేతకు వెళ్ళిన పశువులను కొండల నుంచి కిందికి తోలుకువచ్చారు, ఇక దీర్ఘమైన చలికాలం మొదలు. వెలుగుకూ చీకటికీ మధ్య ఉన్న ఆ రాత్రి, బతికినవారికీ పోయినవారికీ నడుమ ఉన్న తెర పలచబడుతుందని వారి నమ్మకం. అందుకే మంటలు వేసేవారు, చెడును బెదరగొట్టేవారు. మనం మహాలయ పక్షంలో పెద్దలను తలుచుకుని అన్నం పెడతాం. రుతువు మారే వేళ పోయినవారు గుర్తుకు రావడం ఏదో ఒక దేశానికే ఉన్న అలవాటు కాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇక గుమ్మడికాయ సంగతి. మొదట్లో అది గుమ్మడికాయ కాదు, టర్నిప్ దుంప. ఐర్లండ్ పల్లెల్లో టర్నిప్‌ను తొలిచి, కళ్ళు, నోరు చెక్కి, లోపల నిప్పు పెట్టేవారు. దీనికి ఒక జానపద కథ కూడా ఉంది. జాక్ అనే జిత్తులమారి సైతానునే మోసం చేశాడట. చనిపోయాక అతనికి స్వర్గంలో చోటు దొరకలేదు, నరకంలోనూ రానివ్వలేదు. చీకట్లో దారి చూసుకోవడానికి సైతాను విసిరిన ఒక నిప్పు కణికను టర్నిప్‌లో పెట్టుకుని నేటికీ తిరుగుతున్నాడట. అందుకే ఆ దీపానికి జాక్ లాంతరు అనే అర్థం వచ్చే పేరు పెట్టారు.

1845 నుంచి ఐర్లండ్‌లో బంగాళాదుంప పంటకు తెగులు సోకి ఘోరమైన కరువు వచ్చింది. సుమారు పది లక్షల మంది చనిపోయారు. అంతకు మించిన సంఖ్యలో జనం ఓడలెక్కి దేశం విడిచి వెళ్ళారు. వారిలో ఎక్కువమంది అమెరికా చేరారు. వెంట తీసుకుపోగలిగినవి పాటలు, కథలు, పండుగలే. గుమ్మడికాయ అమెరికా ఖండానికి చెందిన పంట. టర్నిప్ కన్నా పెద్దది, లోపల మెత్తగా ఉంటుంది, తొలచడం సులువు. దాంతో దీపానికి గుమ్మడికాయే స్థిరపడింది. తరాల కిందట ఊరు విడిచి వచ్చి, దొరికిన వస్తువులతోనే ఇంటి పండుగను నిలుపుకున్న మన సరిహద్దు తెలుగువారికి ఈ కథ కొత్తగా అనిపించదు.

గది అలంకరణ అనేది ఆ తరువాత వచ్చిన ముచ్చట. అమెరికాలో ముడతల కాగితం తయారుచేసే డెనిసన్ కంపెనీ 1909లో హాలోవీన్ అలంకరణలు నేర్పే ఒక చిన్న పుస్తకం అచ్చువేసింది. కాగితపు తోరణాలు, పిల్లి బొమ్మలు, మంత్రగత్తె బొమ్మలు అలా ఇంటింటికీ చేరాయి. ఆ రోజుల్లో కుర్రకారు హాలోవీన్ రాత్రి వీధుల్లో పడి గేట్లు పీకడం, కిటికీలు పగలగొట్టడం వంటి ఆగడాలు చేసేవారు. వాళ్ళను మళ్ళించడానికి పెద్దలు ఊరేగింపులు, ఇళ్ళలో విందులు ఏర్పాటు చేశారు. మిన్నెసోటా రాష్ట్రంలోని అనోకా పట్టణం 1920లో ఇలాగే ఊరంతా కలిసి ఉత్సవం జరిపింది. అంటే అలంకరించిన గది ఒక విధంగా పిల్లలను అల్లరి నుంచి ఇంటికి రప్పించే ఉపాయం అన్నమాట.

ఇప్పుడు గదిలోకి వద్దాం. ముందుగా రంగులు. నలుపు రాత్రికి గుర్తు, నారింజ రంగు పంటకు గుర్తు. ఈ రెండు రంగులుంటే చాలు, గదికి ఆ కళ వస్తుంది. గబ్బిలం, గుడ్లగూబ రాత్రి తిరిగే జీవులు. సాలెగూడు పాడుబడిన ఇంటిని గుర్తుచేస్తుంది. అస్థిపంజరం మరణానికి గుర్తు. వీటిని ఎవరూ పూజించరు. భయపెట్టేదాన్ని బొమ్మగా చేసి, దాన్ని చూసి నవ్వుకోవడమే ఇందులోని సారం.

అలంకరణకు ఖరీదైన సామాను అక్కరలేదు. నల్ల అట్ట మీద గబ్బిలం, పిల్లి ఆకారాలు గీసి కత్తిరించి కిటికీ అద్దానికి లోపలి వైపు అంటించండి. వెనుక చిన్న దీపం ఉంటే వీధిలోంచి చూసేవారికి నీడ బొమ్మల్లా కనిపిస్తాయి. తోలుబొమ్మలాటలో తెర వెనుక దీపం పెట్టే సూత్రమే ఇది. పాత తెల్లని పలచటి గుడ్డను టీ డికాక్షనులో ముంచి ఆరవేస్తే మాసిన రంగు వస్తుంది. దాన్ని అంచులు చించి తలుపు మీద వేలాడదీస్తే పాత బంగళాలా ఉంటుంది. సాలెగూటికి దూదిని బాగా పలచగా సాగదీయాలి. ముద్దగా ఉంటే దూదిలాగే కనిపిస్తుంది. దాన్ని ఆరుబయట చెట్లకు, పొదలకు మాత్రం కట్టకూడదు. చిన్న పిట్టలు అందులో చిక్కుకుంటాయి.

గుమ్మడికాయ చెక్కేటప్పుడు పై మూతను ఏటవాలుగా కోయాలి. నిటారుగా కోస్తే మూత లోపలికి జారిపోతుంది. గింజలు, పీచు గరిటెతో గీరి తీయాలి. ముఖం ముందుగా గీసుకుని ఆ తరువాతే కోయాలి. కత్తి పని పెద్దలది, బొమ్మ గీసే పని పిల్లలది. చెక్కిన కాయ కొద్ది రోజుల్లోనే కుళ్ళుతుంది, మన వేడికి ఇంకా త్వరగా. కాబట్టి పండుగకు ఒకటి రెండు రోజుల ముందే చెక్కాలి. లేదా కోయకుండా రంగుతో ముఖం వేస్తే చాలా రోజులు నిలుస్తుంది. గింజలను కడిగి వేయించుకోవచ్చు. చెక్కగా మిగిలిన ముక్కలు మన పులుసులోకి బాగానే ఉంటాయి.

శ్రోతలారా, ఇక ముఖ్యమైన మాట. ఈ అలంకరణలో దయ్యాల వల్ల కాదు, నిప్పు వల్ల అపాయం. ముడతల కాగితం, దూది, ఎండుటాకులు, పలచటి గుడ్డ, ఇవన్నీ ఇట్టే అంటుకుంటాయి. వేషం వేసుకున్న పిల్లల వదులు దుస్తులు కూడా అంతే. అందుచేత గదిలో గుమ్మడికాయలో కొవ్వొత్తి పెట్టవద్దు. బ్యాటరీతో వెలిగే చిన్న బల్బు పెట్టండి. వేడెక్కే బల్బులకు గుడ్డ, కాగితం చుట్టకూడదు. తలుపుకు, నడిచే దారికి ఏదీ అడ్డం ఉండకూడదు. పొగ కోసం కొందరు డ్రై ఐస్ తెస్తారు. అది సున్నాకు దిగువన 78 డిగ్రీల చల్లదనంలో ఉంటుంది, చేతితో ముట్టుకుంటే చర్మం దెబ్బతింటుంది. దాని నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ వాయువు మూసిన గదిలో నిండితే ఊపిరాడదు. పడకగదిలో దాన్ని అసలు వాడవద్దు.

మరో జాగ్రత్త మనసుకు సంబంధించినది. పదేళ్ళ పిల్లకు నవ్వు తెప్పించే బొమ్మ మూడేళ్ళ తమ్ముడికి నిద్రలో కేకలు పెట్టించవచ్చు. పసిపిల్లలు పడుకునే గదిలో నవ్వే గుమ్మడికాయ, కాగితపు గబ్బిలాలు చాలు. అలంకరణను పిల్లల చేతే చేయించండి. తన చేత్తో కత్తిరించిన దయ్యానికి ఏ పిల్లా భయపడదు. ఇంట్లో ఇటీవల ఎవరైనా కాలం చేసి ఉంటే ఎముకల బొమ్మలు మానుకోవడం మర్యాద.

అదే రోజుల్లో మెక్సికో దేశంలో జరిగే పద్ధతి ఒకటి చెప్పి ముగిస్తాను. నవంబరు 1, 2 తేదీల్లో అక్కడివారు ఇంట్లో ఒక బల్ల మీద పోయినవారి ఫొటో ఉంచి, వారికి ఇష్టమైన తిండి పెట్టి, చుట్టూ బంతిపూలు పరుస్తారు. చక్కెరతో చేసిన పుర్రెలూ పెడతారు. పోయినవారు ఆ పూల రంగును, వాసనను పట్టుకుని ఇంటికి వస్తారని వారి నమ్మకం. ఈ ఆచారాన్ని యునెస్కో 2008లో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. మన పొలాల్లో విరగబూసే బంతి పుట్టిల్లు కూడా ఆ మెక్సికో ప్రాంతమే.

ఇదంతా అవ్వకు చెప్పాను. ఆమె కాసేపు ఊరుకుని, "మన కొత్త ఇళ్ళకు దిష్టి గుమ్మడికాయ కడతాం కదా, దానికీ కోరమీసాలు, కోరలు గీస్తాం కదా" అన్నారు. ఆ ఆదివారం మనవరాలికి తనే ఫోను చేసి, మన గుమ్మం మీది గుమ్మడికాయను చూపించారు. పిల్ల నవ్వింది. "అవ్వా, నీకూ హాలోవీన్ ఉందా?" అని అడిగింది. "మాకు ఏడాది పొడుగునా ఉంటుందే" అన్నారు అవ్వ. ఆ తరువాత ఆమె అడిగింది ఒక్కటే: "లోపల దీపం కొవ్వొత్తి కాదు కదా తల్లీ?"

మీ ఇంట్లోనూ పిల్లలు ఇలాంటి గదిని చూపిస్తే ముందుగా ఆ ప్రశ్న అడగండి. ఆ తరువాత, ఆ బొమ్మల కథ ఏమిటో వాళ్ళనే చెప్పమనండి.