సెలైన్ నిండుకున్న వేళ

1971 జూన్ 24న కలకత్తాకు చెందిన పిల్లల వైద్యుడు దిలీప్ మహలనాబిస్ బన్‌గావ్ చేరుకున్నారు. పశ్చిమ బెంగాల్‌లో సరిహద్దుకు ఆనుకుని ఉన్న చిన్న పట్టణం అది. మార్చి 25 రాత్రి ఢాకాలో పాకిస్తాన్ సైన్యం విరుచుకుపడినప్పటి నుంచి తూర్పు పాకిస్తాన్ జనం కాలినడకన, ఎడ్లబండ్ల మీద, పడవల్లో సరిహద్దు దాటి వస్తూనే ఉన్నారు. ఆ ఏడాది ముగిసేసరికి భారత్‌లో తలదాచుకున్నవారి సంఖ్య దాదాపు కోటికి చేరింది. బన్‌గావ్ చుట్టుపక్కలే లక్షల మంది ఉన్నారు. పైన వాన, కింద బురద, తాగడానికి మురికి నీళ్ళు. ఇలాంటి చోటికి కలరా రావడానికి ఎంతో సమయం పట్టలేదు.

బన్‌గావ్ ఆసుపత్రిలో కలరా రోగుల కోసం రెండు గదులు కేటాయించారు. మంచాలు ఎప్పుడో నిండిపోయాయి. మిగిలినవారిని నేల మీదే పడుకోబెట్టారు. నరానికి సూది గుచ్చి సెలైన్ ఎక్కించాలంటే వైద్యులు ఆ వాంతుల్లో, విరేచనాల్లో మోకాళ్ళ మీద కూర్చోవలసి వచ్చేది. తీవ్రమైన కలరాలో రోగి ఒంట్లోంచి గంటకు లీటరు దాకా నీరు పోవచ్చు. పోయినంత నీటినీ సూది ద్వారానే తిరిగి ఎక్కించాలంటే ఒక్కొక్కరికి సీసాలకు సీసాలు కావాలి. పైగా స్టాండ్లు, గొట్టాలు, పరిశుభ్రమైన సూదులు, వాటిని వాడటం తెలిసిన చేతులు కావాలి. శిబిరాల్లో కలరా సోకినవారిలో దాదాపు 30 శాతం మంది చనిపోతున్నారు. కొన్ని రోజుల్లోనే మహలనాబిస్ బృందానికి లెక్క అర్థమైంది. చేతిలో ఉన్న సెలైన్ ఎంత పొదుపుగా వాడినా చాలదు.

తెలుగు ఇళ్ళలో బియ్యం డబ్బా అడుగంటితే 'అయిపోయాయి' అనరు, 'నిండుకున్నాయి' అంటారు. లేమిని ఆ మాటతో పిలవడం అలవాటు. బన్‌గావ్‌లో సెలైన్ నిండుకున్నప్పుడు జరిగింది చూస్తే ఆ మాటకు ఇంకో అర్థం కూడా తోస్తుంది.

మహలనాబిస్ తీసుకున్న నిర్ణయం ఇది. ప్రాణం పోయే స్థితిలో, నాడి అందకుండా వచ్చినవారికి మాత్రం ముందుగా సెలైన్ ఎక్కించాలి. వారు కాస్త తేరుకోగానే, మిగతా రోగులకైతే మొదటి నుంచే, ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్ళు నోటి ద్వారా తాగించాలి. తాగించే పని వైద్యులది కాదు, నర్సులది కాదు. పక్కన కూర్చున్న తల్లిది, అన్నది, భార్యది.

ఇందులో మొదటి సగం శాస్త్రానికి కొత్త కాదు. రెండో సగమే కొత్త.

పేగుల్లో మూతపడని తలుపు

కలరా సూక్ష్మజీవి పేగు గోడను కొరికేయదు. అది ఒక విషాన్ని వదులుతుంది. ఈ విషయాన్ని తేల్చింది కలకత్తాలోనే పనిచేసిన శంభునాథ్ దే. సూక్ష్మజీవులను పూర్తిగా వడగట్టి తీసేసిన ద్రవం కూడా కుందేలు పేగులో నీరు ఊరేలా చేస్తుందని ఆయన 1959లో 'నేచర్' పత్రికలో ప్రకటించారు. ఆ విషం ప్రభావంతో పేగు కణాలు ఒంట్లోని లవణాలను బయటికి వదిలేస్తాయి. లవణాల వెంట నీరు పోతుంది. మామూలు ఉప్పునీళ్ళు తాగిస్తే పేగు వాటిని పీల్చుకోలేదు, విరేచనాలు ఇంకా పెరుగుతాయి. అందుకే నోటి ద్వారా ఏమిచ్చినా దండగేనని వైద్యులు చాలాకాలం నమ్మారు.

కానీ అంత ఉపద్రవంలోనూ పేగు కణాల్లో ఒక దారి చెక్కుచెదరకుండా ఉంటుంది. కణం పొర మీద ఉండే ఒక ప్రోటీన్ గ్లూకోజును, సోడియంను జంటగా మాత్రమే లోపలికి తీసుకుంటుంది. ఒక్కో గ్లూకోజు అణువుతో రెండేసి సోడియం అయాన్లు వెళతాయి. వాటి వెంట నీరు లోపలికి నడుస్తుంది. ఒకటి లేకుండా రెండోది పోదు, రెండూ ఉంటే మాత్రం కలరా విషం కూడా ఆపలేదు. ఈ జంట ప్రయాణాన్ని 1960లో రాబర్ట్ క్రేన్ ప్రతిపాదించారు.

అప్పటికే, కారణం తెలియకుండానే, కలకత్తా వైద్యుడు హేమేంద్రనాథ్ ఛటర్జీ 186 మంది కలరా రోగులకు ఉప్పు, గ్లూకోజు కలిపిన ద్రవం తాగించి 1953లో 'లాన్సెట్'లో రాశారు. ఎంత ద్రవం లోపలికి వెళ్ళింది, ఎంత బయటికి పోయింది అనే లెక్కలు అందులో లేవు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1960ల ఆరంభంలో మనీలాలో అమెరికా నౌకాదళ వైద్యుడు రాబర్ట్ ఫిలిప్స్ బృందం ఒక ద్రవాన్ని ప్రయత్నించింది. అది మరీ చిక్కనిది కావడంతో కొందరు రోగులు మరణించారు. ఆ దెబ్బతో ఈ ఆలోచనే కొన్నేళ్ళు వెనక్కిపోయింది. చివరికి 1968లో ఢాకాలో డేవిడ్ నలిన్, రిచర్డ్ క్యాష్ సరైన పాళ్ళలో కలిపిన ద్రవంతో సెలైన్ అవసరాన్ని దాదాపు 80 శాతం తగ్గించవచ్చని చూపించారు. మహలనాబిస్ పనిచేస్తున్న కలకత్తాలోని జాన్స్ హాప్కిన్స్ పరిశోధనా కేంద్రంలోనూ ఇలాంటి ఫలితాలే వచ్చాయి.

అంటే 1971 నాటికి మందు తెలుసు. అది ఆసుపత్రి వార్డులో, గంటగంటకూ కొలతలు రాసుకునే సిబ్బంది పర్యవేక్షణలో పనిచేస్తుందనీ తెలుసు. చదువూ శిక్షణా లేని మనుషులు బురదలో కూర్చుని తమ వారికి తాగిస్తే పనిచేస్తుందో లేదో మాత్రం ఎవరికీ తెలియదు. తెలుసుకోవలసిన అవసరం ఏ పెద్ద ఆసుపత్రికీ రాలేదు. సెలైన్ దొరికినంత కాలం ఆ ప్రశ్న పుట్టదు.

గ్రంథాలయంలో పొట్లాల తయారీ

కలకత్తా పరిశోధనా కేంద్రంలోని గ్రంథాలయం గది కొన్ని వారాలు పొట్లాల కర్మాగారమైంది. లీటరుకు 22 గ్రాముల గ్లూకోజు, మూడున్నర గ్రాముల మామూలు ఉప్పు, రెండున్నర గ్రాముల వంటసోడా చొప్పున తూచి, పాలిథీన్ సంచుల్లో పోసి, మూతిని వేడి ఇస్త్రీపెట్టెతో అంటించారు. ఎలా కలపాలో పైన చీటీ పెట్టారు. పరిశోధనా వార్డుల్లో వాడే ద్రవంలో పొటాషియం కూడా ఉండేది. ఇక్కడ దాన్ని వదిలేశారు. దొరికే మూడింటితోనే సరిపెట్టారు. లీటరుకు అయిన ఖర్చు 11 పైసలు.

బన్‌గావ్‌లో ఆ పొడిని కుళాయి బిగించిన డ్రమ్ముల్లో నీళ్ళతో కలిపారు. రోగి బంధువులు చెంబులు, మగ్గులు తెచ్చి పట్టుకెళ్ళేవారు. 'ఓరల్ సెలైన్' అని దానికి పేరు పెట్టారు. ఇది ఎంత తెలివైన పనో చెప్పాలి. సెలైన్ అంటే పెద్ద వైద్యమని జనానికి తెలుసు. ఉప్పునీళ్ళంటే ఎవరూ నమ్మరు, నోటితో తాగే సెలైన్ అంటే నమ్ముతారు. పైగా అది అబద్ధం కూడా కాదు.

దాహం వేసినంతసేపు తాగించండి అన్నదే వాళ్ళకు ఇచ్చిన సలహా. ఒళ్ళు ఎండిపోయినవాడికి దాహం ఉంటుంది, నీరు నిండాక దాహం తగ్గుతుంది. కొలత రోగి శరీరమే చెబుతుంది. వాంతి చేసుకున్నా మళ్ళీ కొద్దికొద్దిగా పట్టించే ఓపిక నర్సుకు ఉండకపోవచ్చు, ఆమె చూడవలసినవారు ఇంకా వంద మంది ఉంటారు. తల్లికి మాత్రం తన బిడ్డ ఒక్కరే.

దాదాపు తొమ్మిది వారాల్లో 3,700 మందికి పైగా రోగులకు అక్కడ చికిత్స జరిగింది. మరణాలు 3.6 శాతానికి దిగాయి. పొడిని ఎలా తయారు చేసుకోవాలో కరపత్రాలు వేసి సరిహద్దు పొడవునా పంచారు. తూర్పు బెంగాలీలు రహస్యంగా నడిపిన రేడియోలో కూడా ఆ సమాచారం ప్రసారమైంది. మహలనాబిస్ పుట్టింది కిశోర్‌గంజ్‌లో. సరిహద్దుకు అవతల, ఆ శరణార్థులు వదిలి వచ్చిన నేల మీదే.

కష్టాలు మనిషిలోని సృజనను బయటికి తీస్తాయని చెప్పుకోవడం మనకు ఇష్టం. ఈ కథను కూడా అలాగే చెప్పుకోవచ్చు కానీ అది పూర్తి నిజం కాదు. 1971లో సరిహద్దు వెంబడి ఎన్నో శిబిరాలున్నాయి. సెలైన్ కొరత చాలాచోట్ల ఉంది, కలరా చాలాచోట్ల ఉంది. కొరత ఒక్కటే అయితే దాని నుంచి పుట్టేది చావులే. బన్‌గావ్‌లో ఆ కొరతను ఎదుర్కొన్నవారి దగ్గర ఇరవై ఏళ్ళ పరిశోధన ఉంది, గ్లూకోజు, సోడియం జంటగా వెళ్ళే దారి గురించిన అవగాహన ఉంది, అంతకు మించి ఒక నియమాన్ని దాటే తెగువ ఉంది. చికిత్స వైద్యుడి చేతిలోనే ఉండాలన్నది ఆ నియమం. రోగం ముదిరినప్పుడు దాన్ని పట్టుకుని కూర్చుంటే ఎంత మంది చనిపోతారో వాళ్ళ కళ్ళ ముందే కనిపించింది. లేమి చేసిన మేలు ఏదైనా ఉంటే, ఆ నియమం వల్ల జరిగే నష్టాన్ని దాచిపెట్టే సౌకర్యాలను తొలగించడమే.

నమ్మకానికి పట్టిన కాలం

ఫలితాలు 1973లో అచ్చయ్యాయి. వెంటనే ప్రపంచం చప్పట్లు కొట్టలేదు. పోల్చి చూడటానికి మరో రోగుల గుంపు లేదు కాబట్టి ఇది పద్ధతి ప్రకారం జరిగిన ప్రయోగం కాదని సందేహించినవారున్నారు. శాస్త్రం దృష్టిలో అది సబబైన అభ్యంతరమే. కానీ రోగుల్లో సగం మందికి మందు ఆపి సరిచూసే స్థితి ఆ శిబిరంలో లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థలో పనిచేస్తున్న ధీమన్ బరువా బన్‌గావ్ వచ్చి స్వయంగా చూశారు. ఆ తరువాత ఈ పద్ధతిని అంతర్జాతీయ వేదికల మీద గట్టిగా వినిపించింది ఆయనే. 1978లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అతిసార నియంత్రణ కార్యక్రమం మొదలైంది. అదే ఏడాది 'లాన్సెట్' సంపాదకీయం దీన్ని ఆ శతాబ్దపు అతి ముఖ్యమైన వైద్య పురోగతి కాగలదని పేర్కొంది. అప్పటి నుంచి ఇది కాపాడిన ప్రాణాలు ఐదు కోట్లకు పైనేనని అంచనా. మహలనాబిస్ దీనికి పేటెంట్ తీసుకోలేదు. ఆయన 2022 అక్టోబరులో కన్నుమూశారు. మరుసటి ఏడాది ప్రభుత్వం పద్మవిభూషణ్ ప్రకటించింది.

పొట్లం కూడా లేని ఊళ్ళ కోసం బంగ్లాదేశ్‌లో 'బ్రాక్' సంస్థ మరో అడుగు ముందుకు వేసింది. మూడు వేళ్ళతో పట్టిన చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లం, అర సేరు నీళ్ళు. 1980 నుంచి పదేళ్ళ పాటు ఆ సంస్థ మహిళా కార్యకర్తలు కోటికి పైగా ఇళ్ళకు నడిచి వెళ్ళి తల్లులకు నేర్పారు. కొన్నాళ్ళకు వేరే బృందం వెళ్ళి తల్లులకు ఎంత గుర్తుందో పరీక్షించేది. కార్యకర్త జీతం ఆ మార్కులను బట్టే ఉండేది! అయినా మొదట్లో ఒక చిక్కు వచ్చింది. తల్లులకు పాఠం గుర్తుంది కానీ బిడ్డకు జబ్బు చేస్తే వాడటం లేదు. ఆరా తీస్తే నేర్పిన కార్యకర్తల్లోనే చాలామందికి ఆ నీళ్ళ మీద నమ్మకం లేదని తేలింది. ముందు వాళ్ళకు నమ్మకం కలిగించి, ఇంట్లోని మగవాళ్ళకు కూడా చెప్పడం మొదలుపెట్టాక పరిస్థితి మారింది.

మన ఇళ్ళలో విరేచనాలు పట్టుకుంటే గంజిలో ఉప్పు వేసి తాగించడం పాత అలవాటు. దానిలోనూ ఇదే సూత్రం ఉంది. గంజిలోని పిండిపదార్థం పేగులో గ్లూకోజుగా మారి సోడియంను వెంటబెట్టుకుని వెళుతుంది. దానితో పాటు 'కడుపు ఎండగట్టాలి' అంటూ పిల్లలకు నీళ్ళు కూడా ఇవ్వని అలవాటు ఒకటుంది. అది ప్రాణం తీస్తుంది.

పాళ్ళు తప్పితే ఏమవుతుందో మనీలాలోనే తెలిసింది. అందుకే 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రాన్ని ఇంకా పలుచన చేసింది. ఇప్పుడు లీటరుకు గ్లూకోజు పదమూడున్నర గ్రాములే. ఇంతకు ఎన్నో రెట్లు చక్కెర ఉన్న పండ్లరసాల డబ్బాల మీద 'ఓఆర్ఎస్' అనే అక్షరాలు వేసి మందుల దుకాణాల్లో అమ్మారు. చక్కెర ఎక్కువైతే అది పేగులోకే నీటిని లాగుతుంది, విరేచనాలు పెరుగుతాయి. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ దీనిపై ఏళ్ళ తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రాధికార సంస్థ అలాంటి పానీయాల మీద ఆ పేరు వాడకూడదని ఆదేశించింది.

సరైన పొట్లం ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా దొరుకుతుంది. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అతిసారం వచ్చిన మన పిల్లల్లో దీన్ని తాగినవారు సుమారు 61 శాతమే. మిగతావారికి ఎందుకు అందలేదు? కర్ణాటక, బిహార్ పట్టణాల్లో రెండు వేల మందికి పైగా ప్రైవేటు వైద్యసేవకులను పరిశీలించిన ఒక అధ్యయనం 2024లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. చికిత్స చేసేవారిలో చాలామందికి ఓఆర్ఎస్ మంచిదని తెలుసు. కానీ వచ్చినవాళ్ళకు ఇది ఇష్టం ఉండదని, వేరే మందు ఆశిస్తారని వాళ్ళే అనుకుని రాయడం మానేస్తున్నారు. పిల్లవాడి తండ్రిగా వెళ్ళిన వ్యక్తి తనకు ఓఆర్ఎస్ కావాలని నోరు తెరిచి చెప్పినప్పుడు, వాళ్ళు దాన్ని ఇవ్వడం బాగా పెరిగింది.