విశ్వవిద్యాలయ స్థాయి ఇంగ్లీషు: సంభాషణ దాటిన తరువాతి సాధన

స్నేహితులతో, సహోద్యోగులతో ధారాళంగా ఇంగ్లీషులో మాట్లాడగలిగిన విద్యార్థి కూడా పరిశోధన వ్యాసం చదవవలసి వచ్చినప్పుడు తడబడటం, బాగా తెలిసిన విషయాన్నే ప్రాజెక్టు నివేదికలో స్పష్టంగా రాయలేకపోవడం విశ్వవిద్యాలయాల్లో తరచుగా కనిపించే ఇబ్బంది. కెనడాకు చెందిన విద్యావేత్త జిమ్ కమిన్స్ 1979లో చేసిన ఒక విభజన దీనికి కారణాన్ని చూపుతుంది. ఎదుటి మనిషి ముఖకవళికలు, సందర్భం తోడుగా నిలిచే సంభాషణ భాషను ఒక సామర్థ్యంగానూ, అటువంటి ఆసరా లేకుండా వాక్యాల మీదే ఆధారపడి అర్థం చేసుకోవలసిన చదువు భాషను మరొక సామర్థ్యంగానూ ఆయన వేరుచేశారు. వలస కుటుంబాల పిల్లలకు మొదటిది సుమారు రెండేళ్లలో అలవడితే, రెండోదానిలో తోటివారిని అందుకోవడానికి ఐదు నుంచి ఏడేళ్లు పడుతుందని ఆయన పరిశీలనలు తెలిపాయి.

భాషా నైపుణ్యాన్ని కొలవడానికి ఐరోపా మండలి 2001లో ప్రచురించిన ప్రమాణపట్టికలో ఎ1 నుంచి సి2 వరకు ఆరు మెట్లు ఉన్నాయి. నాలుగోదైన బి2కు చేరినవారు పరిచిత విషయాలపై సులువుగా సంభాషించగలరు గానీ, ఐదోదైన సి1కు చేరితేనే సంక్లిష్ట విషయాలను క్రమబద్ధంగా, వివరంగా రాయగలిగే శక్తి వస్తుంది. ఈ రెండింటి మధ్య ఎదుగుదల ఆగిపోయినట్లు చాలామందికి అనిపిస్తుంది. ఎక్కువగా వాడే మాటలన్నీ అప్పటికే వచ్చి ఉండటం, కొత్తగా నేర్వవలసినవి అరుదుగా మాత్రమే ఎదురుపడటం అందుకు ముఖ్యకారణం.

పదజాలం విషయంలో న్యూజిలాండ్ పరిశోధకుల కృషి ఎంతో విలువైనది. ఒక మూలపదాన్నీ దాని నుంచి పుట్టిన రూపాలనూ కలిపి ‘పదకుటుంబం’ అంటారు. రాతలోని మాటల్లో 98 శాతం తెలియాలంటే ఎనిమిది, తొమ్మిది వేల పదకుటుంబాలు అవసరమని పాల్ నేషన్ 2006లో అంచనా వేశారు. అంతకుముందే, 2000లో, ఏవరిల్ కాక్స్‌హెడ్ అన్ని శాస్త్రాల రచనల్లోనూ కనిపించే 570 పదకుటుంబాలను ఏరి ఒక జాబితా కూర్చారు. విద్యావిషయక రచనల్లోని మాటల్లో సుమారు పదోవంతు వీటివే. ‘ఎనలైజ్’, ‘అస్యూమ్’, ‘సిగ్నిఫికెంట్’ వంటి ఈ మాటలు ఏ ఒక్క శాస్త్రానికీ చెందిన పరిభాష కావు కనుక పాఠం చెప్పేవారు వీటిని ప్రత్యేకంగా వివరించరు, నిత్య సంభాషణలో అంతగా వినబడవు కనుక వాటంతట అవి అలవడవు. పట్టుదలతో చేసే పఠనం వీటిని దగ్గర చేస్తుంది. అలా చదివేటప్పుడు ఏ మాట ఏ మాటతో జతకడుతుందో కూడా గమనించాలి. భాషాశాస్త్రంలో ‘కొలొకేషన్’ అని పిలిచే ఈ పొత్తు తెలియనప్పుడు వ్యాకరణం సరిగ్గా ఉన్న వాక్యం కూడా కృతకంగా వినిపిస్తుంది.

వాక్య నిర్మాణంలో తెలుగు విద్యార్థికి కొన్ని ఇబ్బందులు ఉన్నట్లే కొన్ని అనుకూలతలూ ఉన్నాయి. ఇంగ్లీషులోని ‘ఎ’, ‘ది’ అనే ఉపపదాలకు సాటివచ్చేవి తెలుగులో లేకపోయినా, అవి సూచించే తేడా తెలుగుకు కొత్తది కాదు. ‘పుస్తకం కొన్నాడు’ అన్నదానికీ ‘పుస్తకాన్ని కొన్నాడు’ అన్నదానికీ మధ్య, ఏదో ఒక పుస్తకమా లేక ముందే తెలిసిన పుస్తకమా అనే ఛాయాభేదం తరచుగా ఉంటుంది. దాన్ని గుర్తించిన విద్యార్థికి ఉపపదాల పని సులువుగా బోధపడుతుంది. అలాగే క్రియలను నామాలుగా మార్చి ఆలోచనను బిగించే పద్ధతి ఇంగ్లీషు శాస్త్రరచనకు ప్రాణమని భాషాశాస్త్రవేత్త హాలిడే విశదీకరించారు. ‘జనం పెరిగారు, నీరు చాలలేదు’ అనే రెండు వాక్యాల సంగతిని ‘జనాభా పెరుగుదల నీటి కొరతకు దారితీసింది’ అని కుదించడం ఆ పద్ధతే. తెలుగులో మంచి శాస్త్రవచనం చదివినవారికి ఇది అప్పటికే పరిచితం కాబట్టి, తెలుగు చదువు ఇంగ్లీషుకు అడ్డు అనే భావనకు ఆధారం లేదు.

అయితే చదవడంతోనే రాత రాదు. కెనడాలో ఫ్రెంచి మాధ్యమంలో చదివిన, ఇంగ్లీషు మాతృభాషగా గల పిల్లలు ఏళ్ల తరబడి ఫ్రెంచిని విని చక్కగా అర్థం చేసుకున్నా, మాటలోనూ రాతలోనూ వెనుకబడి ఉండటాన్ని గమనించిన మెరిల్ స్వెయిన్, స్వయంగా భాషను ఉత్పత్తి చేసే ప్రయత్నంలోనే తమ లోటు ఏమిటో నేర్చుకునేవారికి తెలిసివస్తుందని 1985లో ప్రతిపాదించారు. రాయవలసినదానికి ఒక రూపురేఖ ఉంటుందని తెలిసినప్పుడు ఆ ప్రయత్నం సులువవుతుంది. పరిశోధన వ్యాసాల ఉపోద్ఘాతాలను పరిశీలించిన జాన్ స్వేల్స్, వాటి నడకలో మూడు అడుగులను 1990 నాటి తన గ్రంథంలో గుర్తించారు. రచయిత ముందుగా విషయ ప్రాధాన్యాన్ని స్థాపిస్తాడు, తరువాత పూర్వ పరిశోధనలో మిగిలిపోయిన ఖాళీని చూపుతాడు, చివరగా ఆ ఖాళీని తన పని ఎలా పూరిస్తుందో చెబుతాడు. తన శాస్త్రంలోని నాలుగైదు వ్యాసాల్లో ఈ అడుగులను గుర్తుపట్టి, అదే క్రమంలో ఒక పేజీ రాసి, అధ్యాపకుల వ్యాఖ్యలను బట్టి తిరగరాసే విద్యార్థికి కలిగే మేలు వ్యాకరణ సూత్రాలను వల్లెవేస్తే కలగదు.

ఇంతటి శిక్షణకు కావలసిన పునాది తెలుగునాటా, దాని పొరుగునా లేకపోలేదు. 1958లో హైదరాబాదులో ఇంగ్లీషు అధ్యాపకుల శిక్షణ కోసం ఏర్పడిన కేంద్రీయ సంస్థే నేటి ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం. 1979 నుంచి 1984 వరకు ఎన్.ఎస్. ప్రభు దక్షిణ భారతంలోని పాఠశాలల్లో నడిపిన బెంగళూరు ప్రయోగం, విద్యార్థి మనస్సు అర్థం మీద, చేతిలో ఉన్న పని మీద నిలిచినప్పుడే భాష బాగా పట్టుబడుతుందనే ఆలోచనకు ప్రపంచవ్యాప్త గుర్తింపు తెచ్చింది. విశ్వవిద్యాలయంలో ఆ పని విద్యార్థి చదివే శాస్త్రమే కావాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 విద్యాసంవత్సరం నుంచి డిగ్రీ కోర్సులను ఆంగ్ల మాధ్యమంలోకి మార్చాలని ప్రభుత్వం నిర్ణయించిన నేపథ్యంలో ఈ అవసరం మరింత పెరిగింది. మాధ్యమాన్ని మార్చడం ఒక్క ఉత్తర్వుతో పూర్తవుతుంది గానీ, సామర్థ్యం ఏళ్ల సాధనతోనే వస్తుంది.

కాబట్టి ఉన్నత స్థాయి ఇంగ్లీషును మొదటి సంవత్సరంలో ముగిసే ఒక పేపరుకు పరిమితం చేయడం తగదు. ఇంగ్లీషు అధ్యాపకులూ శాస్త్రాధ్యాపకులూ కలిసి అసైన్‌మెంట్లు రూపొందించడం, ప్రతి ముఖ్య రచనకూ చిత్తుప్రతి, సవరించిన ప్రతి రెండూ కోరడం, సెమినార్లలో ప్రశ్న అడగడానికీ జవాబు చెప్పడానికీ అందరికీ వంతు కల్పించడం పెద్ద ఖర్చు లేకుండానే సాధ్యపడే పనులు. ఇంగ్లీషు వాతావరణం లేని ఇళ్ల నుంచి వచ్చిన విద్యార్థులకు ఈ అవకాశం దొరికే చోటు విశ్వవిద్యాలయం మాత్రమే కనుక, దాన్ని కల్పించడం ఆ సంస్థల ప్రాథమిక బాధ్యత.