ఏరు (సేద్యం)

'''ఏరు''' అనగా ఎద్దులను కాడికి కట్టి దున్నడానికి సిద్ధపరచిన నాగలి. ఇది ప్రాచీన ద్రావిడ పదం. నేటి వాడుకలో ఈ పదం విడిగా దాదాపు వినబడదు. ''ఏరువాక'' అనే సమాసంలో మాత్రం నిలిచి ఉంది.

== పద మూలం ==
ఈ పదానికి తమిళ, మలయాళ భాషలలో ''ఏర్'', కన్నడంలో ''ఏరు'' అనే సోదర పదాలు ఉన్నాయి. తమిళ గ్రంథమైన తిరుక్కురళ్‌లో సేద్యాన్ని గురించిన 104వ అధ్యాయంలో ''ఏర్'' కనిపిస్తుంది. నాగలిని కీర్తించే ''ఏర్ ఎళుపదు'' అనే తమిళ కావ్యాన్ని కంబ మహాకవి రచించాడని ప్రతీతి.

నది అనే అర్థమిచ్చే ''ఏరు'' వేరే పదం. దానిని పూర్వం బండిరతో ''ఏఱు'' అని వ్రాసేవారు. అందువల్లనే ''ఏటి ఒడ్డు'', ''ఏటికి'' అనే రూపాలు వచ్చాయి. తమిళంలో నదిని ''ఆఱు'' అంటారు కనుక అక్కడ ఈ రెండు పదాలు కలిసిపోలేదు. తెలుగులో బండిర వాడుక తగ్గిన తరువాత రెండూ ఒకే విధంగా కనబడుతున్నాయి. పైగా ''వాక'' అనే పదానికి వాగు అనే అర్థం కూడా ఉండటం చేత, ఏరువాకను నీటికి సంబంధించిన పదంగా పొరబడే అవకాశం ఉంది.

== అర్థ భేదం ==
నాగలి అనేది పనిముట్టు మాత్రమే. మేడి, కర్రు దాని భాగాలు. ఎద్దులు, కాడి, నాగలి కలిసి పనికి సిద్ధమైనప్పుడే అది ఏరు అవుతుంది. ఏరును కట్టడాన్ని ''ఏరు పూన్చుట'' అంటారు.

== మాండలికాలు ==
కోస్తా, తెలంగాణ ప్రాంతాలలో ఇదే అర్థంలో ''అరక'' అనే పదం వాడుకలో ఉంది. రైతు స్తోమతను కూడా ''రెండు అరకల సేద్యం'' అని అరకల లెక్కన చెప్పేవారు. రాయలసీమలో నాగలిని ''మడక'' అంటారు. ఇటువంటి ప్రాంతీయ భేదాలను సేకరించి భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో రూపొందించిన ''మాండలిక వృత్తిపదకోశం'' మొదటి సంపుటాన్ని (వ్యవసాయ పదాలు) ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో ప్రచురించింది.

== ఏరువాక ==
ఏరువాక అంటే తొలకరి వానల తరువాత దుక్కి ప్రారంభించడం. జ్యేష్ఠ శుద్ధ పౌర్ణమిని ''ఏరువాక పున్నమి''గా జరుపుకుంటారు. ఆనాడు ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, నాగలిని పూజించి తొలి చాలు దున్నుతారు. కర్ణాటకలో ఇదే రోజున ''కారహుణ్ణిమె'' జరుగుతుంది. 1955లో విడుదలైన ''రోజులు మారాయి'' చిత్రంలో కొసరాజు రాఘవయ్య చౌదరి వ్రాసిన ఏరువాక పాట ఈ పదాన్ని పట్టణాలకు కూడా పరిచయం చేసింది.

== ప్రస్తుత స్థితి ==
ట్రాక్టర్లు వచ్చిన తరువాత ఎద్దులతో దున్నడం బాగా తగ్గింది. వస్తువుతో పాటు కాడి, మేడి, కర్రు వంటి పదాలు కూడా కొత్త తరానికి దూరమవుతున్నాయి. ఏరువాక మాత్రం పండుగ పేరుగానూ, వ్యవసాయ విశ్వవిద్యాలయాలు రైతులకు సలహాలిచ్చేందుకు నెలకొల్పిన ''ఏరువాక కేంద్రాల'' పేరులోనూ నిలిచి ఉంది.