నెట్‌వర్క్ పరికరాల సూచిక దీపాలు: క్షేత్రస్థాయిలో లోప నిర్ధారణ

పైరు పసుపు రంగుకు తిరిగినదన్న ఒక్క లక్షణంతో పోషక లోపాన్ని నిర్ధారించలేము. ముదురాకులలో మొదలైతే నత్రజనిని, లేతాకుల ఈనెల మధ్య మొదలైతే ఇనుమును అనుమానిస్తాము. నెట్‌వర్క్ పరికరాల సూచిక దీపాలకూ ఇదే పద్ధతి వర్తిస్తుంది. ఏ దీపం, ఏ రంగు, నిలకడగా ఉన్నదా లేక మిణుకుతున్నదా అన్న మూడు అంశాలనూ కలిపి చదవాలి.

2020 మే 30న రైతు భరోసా కేంద్రాలుగా ప్రారంభమైన నేటి రైతు సేవా కేంద్రాలలో అనేక సేవలకు అంతర్జాలమే ఆధారం. ఈ-పంట నమోదు, ఈ-కేవైసీ గడువులోగా పూర్తికాకపోతే నష్టపోయేది రైతే. ఏర్పేడు, శ్రీకాళహస్తి ప్రాంతాలలో ఈశాన్య రుతుపవనాల గాలివానలకు స్తంభాలపై వేలాడే ఫైబర్ తీగలు దెబ్బతినే అవకాశం ఉంటుంది. కనుక లోపం కేంద్రం లోపల ఉన్నదా, వెలుపల ఉన్నదా అన్నది తొలి ప్రశ్న.

ఫైబర్ పెట్టెను ఈ క్రమంలో పరిశీలించాలి.

1. పవర్: వెలగకపోతే సాకెట్‌ను, అడాప్టర్‌ను పరీక్షించాలి. అడాప్టర్ వోల్టేజి పరికరంపై ముద్రించిన దానితో సరిపోవాలి.

2. ఎల్ఓఎస్: ఎరుపు రంగు కనిపిస్తే కాంతి సంకేతం చేరడం లేదని, లేదా మరీ బలహీనంగా ఉన్నదని అర్థం. తీగ తెగడం, బిగుతుగా వంగడం, కనెక్టర్‌లో ధూళి చేరడం ప్రధాన కారణాలు. తెగిన తీగకు పెట్టెను ఎన్నిసార్లు ఆపి వెలిగించినా ప్రయోజనం ఉండదు.

3. పాన్: నిలకడైన ఆకుపచ్చ రంగు అనుసంధానం పూర్తయినదని తెలుపుతుంది. ఆగకుండా మిణుకుతుంటే పెట్టె ఇంకా నమోదు కాలేదు, సేవాదారునికి తెలియజేయాలి.

4. లాన్: ఇక్కడ మిణుకు ఆరోగ్య లక్షణం, సమాచారం ప్రవహిస్తున్నదని అర్థం. దీపం పూర్తిగా ఆరిపోతే కేబుల్‌ను, పోర్టును, కంప్యూటర్‌ను పరీక్షించాలి.

పరీక్షలో ఒకసారి ఒక్క అంశాన్నే మార్చాలి. కేబుల్‌నూ పోర్టునూ ఒకేసారి మారిస్తే, కంట్రోల్ మడి లేని ప్రయోగం వలె, ఫలితానికి కారణమేదో తేలదు. దీపాలన్నీ సవ్యంగా ఉండి, ఇతర వెబ్‌సైట్లు తెరుచుకొని, నమోదు పోర్టల్ మాత్రమే తెరుచుకోకపోతే లోపం బహుశా పోర్టల్ వైపే ఉంటుంది.

రెండు జాగ్రత్తలు తప్పనిసరి. రీసెట్ రంధ్రంలో సూదిని నొక్కరాదు. సేవాదారుడు అమర్చిన వివరాలు చెరిగిపోవచ్చు. విడదీసిన ఫైబర్ కొనను కంటితో చూడరాదు. జీపాన్ వ్యవస్థలో పెట్టెకు వచ్చే 1490 నానోమీటర్ల కాంతి కంటికి కనిపించదు.

దీపం అనుసంధానాన్ని తెలుపుతుంది గాని వేగాన్ని, నాణ్యతను కొలవదు. పైగా రంగుల అర్థం తయారీదారుని బట్టి మారుతుంది, కరదీపికను సరిచూడాలి. పెట్టెను ఆపడానికి ముందే దీపాల ఛాయాచిత్రం తీసి, సమయం నమోదు చేసి, ఫిర్యాదుకు జతపరిస్తే సాంకేతిక నిపుణుడు తగిన పరికరాలతో రాగలుగుతాడు. మరమ్మతు పూర్తయ్యే వరకు మొబైల్ హాట్‌స్పాట్ ద్వారా గడువు ఉన్న పనులను ముందుగా ముగించాలి. గ్రామస్థాయి సిబ్బంది శిక్షణలో విస్తరణ శాస్త్రవేత్తలు ఈ అంశానికి కొంత సమయం కేటాయించడం అవసరం.