ఉల్లి సమోసా, వేడిగాలి, నీటి లెక్క

ఎయిర్ ఫ్రయర్‌లో జరిగేది నిజానికి వేపడం కాదు. పైన విద్యుత్తుతో వేడెక్కే తీగచుట్ట, దానికి తోడు ఫ్యాను, కింద చిల్లుల బుట్ట ఉంటాయి. ఇరుకు గదిలో వేడిగాలిని వేగంగా తిప్పే చిన్న ఓవెన్ అది. విమానాల్లో గడ్డకట్టిన భోజనాన్ని వేడిచేయడానికి అమెరికాలో విలియం మాక్సన్ 1940లలోనే ఫ్యాను బిగించిన ఓవెన్ తయారుచేశాడు. ఫిలిప్స్ సంస్థ 2010లో బెర్లిన్ ప్రదర్శనలో ఎయిర్‌ఫ్రయర్‌ను చూపించాక ఆ సూత్రం ఈ రూపంలో ఇళ్లలోకి పాకింది. ఇందులో సమోసా కరకరలాడుతుందా లేదా అన్నది నూనె తేల్చే విషయం కాదు, నీరు తేల్చేది.

మైదా ముద్దలోని పిండిపదార్థం సుమారు 60 డిగ్రీల సెల్సియస్ దాటాక నీటిని పీల్చుకుని ఉబ్బి జిగురవుతుంది. ఆ జిగురులోంచి నీరు వెళ్లిపోతే మిగిలేది గాజులా బిగుసుకుంటుంది. శాస్త్రజ్ఞులు దాన్ని గాజుస్థితి అనే పిలుస్తారు. ఆ పలుచని గోడలు పంటి కింద వరసగా విరుగుతుంటే పుట్టే చప్పుడే కరకర. కాస్త తేమ తిరిగి చేరితే చాలు, అణువుల మధ్య పట్టు సడలి గోడ విరగడం మాని వంగుతుంది. వానాకాలంలో మూత సరిగా పెట్టని డబ్బాలో జంతికలు మెత్తబడేది అందుకే.

నీటిని వెళ్లగొట్టడం తేలిక కాదు. ఒక గ్రాము నీటిని 30 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు వేడిచేయడానికి సుమారు 293 జౌళ్లు చాలు. అదే గ్రామును ఆవిరి చేయడానికి మరో 2,257 జౌళ్లు కావాలి. పైపొరలో తడి ఉన్నంతసేపూ వచ్చిన వేడంతా ఆవిరికే ఖర్చవుతుంది, పొర 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. తడి ఆరాకే వేడి పెరిగి, చక్కెరలూ అమైనో ఆమ్లాలూ కలిసి ఎర్రని రంగును, కమ్మని వాసనను పుట్టిస్తాయి. ఈ చర్యను 1912లో వివరించిన ఫ్రెంచి రసాయనవేత్త మైయార్ పేరే దానికి స్థిరపడింది.

180 డిగ్రీల నూనెలో సమోసా వేయగానే లేచే బుడగలు నూనె మరిగినందువల్ల వచ్చేవి కావు, సమోసా వదిలే నీటి ఆవిరి. ఒక లీటరు నూనె మోయగల వేడి, అదే ఉష్ణోగ్రతలో లీటరు గాలి మోయగలదానికి సుమారు రెండు వేల రెట్లు. గాలికి ఇంత లోటు ఉన్నా ఎయిర్ ఫ్రయర్ పని జరిపించేది ఫ్యానే. సమోసాను అంటుకుని కదలకుండా ఉండే పలుచని తేమగాలి పొర వేడిని లోపలికి రానివ్వదు, ఆవిరిని బయటికి పోనివ్వదు. వేగంగా వీచే గాలి ఆ పొరను ఎప్పటికప్పుడు పలుచబరుస్తుంది. ఉతికిన బట్టలు గాలి వీచే డాబా మీద త్వరగా ఆరడంలోనూ ఉన్నది ఈ రహస్యమే.

ఈ నీటి దారి విషయంలో పెద్ద శాస్త్రజ్ఞులే పొరబడ్డారు. మొదట్లోనే గట్టి సెగ తగిలితే మాంసం పైపొర మూసుకుపోయి రసం లోపలే నిలుస్తుందని జర్మన్ రసాయనవేత్త లీబిగ్ 1847లో రాశాడు. తర్వాతి వారు తూచి చూస్తే, అలా కాల్చిన మాంసమూ నీరు కోల్పోతూనే ఉంది. సమోసా పొర కూడా మూత కాదు, సన్నని రంధ్రాల జల్లెడ. వేగుతున్నప్పుడు నూనెను అడ్డుకునేది బయటికి తోసుకొచ్చే ఆవిరి. నూనెలో చాలా భాగం పొరలోకి చేరేది మూకుడులోంచి తీశాకే. చల్లబడే కొద్దీ రంధ్రాల్లోని ఆవిరి నీరై ఒత్తిడి తగ్గుతుంది, పైన అంటుకున్న నూనె లోపలికి పీల్చుకుపోతుంది. ఎయిర్ ఫ్రయర్ సమోసాలో పీల్చుకోవడానికి అంత నూనె ఉండదు.

కూరిన వంటకానికి అసలు శత్రువు లోపలే ఉంటుంది. బంగాళాదుంప బరువులో ఐదింట నాలుగు వంతులు నీరే, ఉల్లిలో ఇంకా ఎక్కువ. కూర నుంచి ఆ నీరు ఆరిన పొరలోకి నడుస్తూనే ఉంటుంది. హైదరాబాద్ ఇరానీ హోటళ్ల ఉల్లి సమోసా దీనికి అద్భుతమైన జవాబు. పొర పలుచన కాబట్టి త్వరగా ఆరుతుంది. కూరలో కలిపే అటుకులు ఉల్లి విడిచే నీటిని తాగేస్తాయి. గాలి నెమ్మదిగా ఆరబెట్టే ఎయిర్ ఫ్రయర్‌లో ఈ అటుకుల అవసరం మరింత ఎక్కువ.

మిగిలిన జాగ్రత్తలన్నీ ఈ లెక్కలోంచే వస్తాయి. మందపు పొర సమోసా అయితే మైదాలో కాచిన నెయ్యో నూనెనో పోసి పొడిపొడిగా రుద్దాలి, లేకపోతే పొర అట్టలా బిగుస్తుంది. పైన నూనె పూస్తే రంగు సమంగా వస్తుంది. బుట్టలో గాలి తిరిగేలా ఎడం ఉంచాలి. తీశాక మూత పెడితే ఆవిరి తిరిగి పొరకే చేరుతుంది. మిరపకాయ బజ్జీకి మాత్రం ఈ పద్ధతి పనికిరాదు. జారుగా కలిపిన శనగపిండి నూనెలో పడిన క్షణాల్లో గట్టిపడుతుంది, గాలిలో గట్టిపడేలోపే చిల్లుల్లోంచి కారిపోతుంది. సమోసాకు వేడిగాలి చాలు, బజ్జీకి మూకుడే కావాలి.